పీరియడ్ ప్లాన్: బి.ఎడ్. అంతా వాడి చూశాక నా సమీక్ష

పీరియడ్ ప్లాన్, అంటే ఒక్కో పీరియడ్‌లో ఏం చెప్పాలో ముందే రాసుకునే పాఠ పథకం, రాస్తే క్లాసు నిజంగా బాగా నడుస్తుందా, లేక అది రికార్డు మార్కుల కోసం నింపే కాగితమేనా? బి.ఎడ్. రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తయిన దగ్గర్నుంచి జూనియర్లు నన్ను ఎక్కువగా అడుగుతున్నది ఇదే. నా జవాబు సూటిగా చెప్తాను. ప్లాన్ పనికొస్తుంది, చాలా పనికొస్తుంది. కానీ మన చేతికిచ్చే నమూనాలో ఒక పెద్ద లోటుంది. పిల్లలను అదుపులో పెట్టడం వేరే విద్య అన్నట్టు, పాఠం రాయడం వేరే పని అన్నట్టు అది ఉంటుంది. ఆ రెండూ ఒకే పని అని నాకు అర్థమయ్యాకే ప్లాన్ నాకు ఉపయోగపడడం మొదలైంది.

నాది ఫిజికల్ సైన్స్ మెథడాలజీ, అంటే ఆ సబ్జెక్టు బోధనా పద్ధతులు. ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎక్కువగా ఎనిమిదో తరగతికి చెప్పాను. ఎన్.సి.టి.ఇ. (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నిబంధనలతో బి.ఎడ్. రెండేళ్లయింది, బడిలో ఉండే కాలం మొత్తం 20 వారాలైంది. మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. ఒకే వస్తువును ఇన్నాళ్లు వాడితే దాని మంచీ చెడూ బాగానే తెలుస్తాయి.

ముందు ఆ నమూనా సంగతి. పైన తరగతి, పాఠం పేరు, సమయం. కింద లక్ష్యాలు, స్పష్టీకరణలు (లక్ష్యం నెరవేరితే పిల్లవాడు ఏం చేయగలడో చెప్పే వాక్యాలు) లేదా విద్యాప్రమాణాలు (పిల్లలకు రావాల్సిన సామర్థ్యాలు). ఆ తర్వాత ఉన్ముఖీకరణ (పిల్లల దృష్టిని పాఠం వైపు తిప్పడం), శీర్షిక ప్రకటన, బోధనాభ్యసన కృత్యాలు, నల్లబల్ల పని, మూల్యాంకనం, ఇంటిపని. ఈ వరసకు మూలం జర్మన్ తత్త్వవేత్త హెర్బార్ట్ ఆలోచనల్లో ఉంది. ఆయన 1841లో చనిపోయాడు. ఆయన శిష్యులు ఆ ఆలోచనలను ఐదు సోపానాలుగా మలిచారు. తర్వాత బోధనా లక్ష్యాలను స్థాయిలుగా విడదీసే 1956 నాటి బ్లూమ్ వర్గీకరణ వచ్చి చేరింది. మన దగ్గర 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రంతో విద్యాప్రమాణాలు వచ్చాయి. ఒక్కో కాలం ఒక్కో గడి కలిపింది. అన్నీ మంచి గడులే. కానీ అవన్నీ అడిగేది టీచరు ఏం చెప్తారు, పిల్లవాడు ఏం నేర్చుకుంటాడు అనే. ఆ మధ్యలో నలభై మంది పిల్లల చేతులు ఏం చేస్తుంటాయి అని ఒక్క గడి కూడా అడగదు.

ఘర్షణ పాఠంతో దీన్ని వివరిస్తాను. చెక్క దిమ్మకు స్ప్రింగ్ త్రాసు తగిలించి బల్ల మీద లాగడం అందులో ముఖ్యమైన కృత్యం. దిమ్మను వెడల్పు వైపు పడుకోబెట్టి లాగితే ఎంత చూపిస్తుంది, సన్నటి వైపు నిలబెట్టి లాగితే ఎంత చూపిస్తుంది? పిల్లలు దాదాపు అందరూ పడుకోబెడితేనే ఎక్కువ బలం కావాలంటారు. ఎక్కువ చోటు తగులుతోంది కదా మేడం అంటారు. లాగి చూస్తే రెండుసార్లూ ముల్లు ఇంచుమించు ఒకే చోట ఆగుతుంది. పైన ఇంకో దిమ్మ పెడితే మాత్రం రీడింగ్ రెట్టింపు దగ్గరికి పోతుంది. ఘర్షణ స్పర్శాతల వైశాల్యం మీద కాదు, తలాన్ని అదిమే బలం మీద ఆధారపడుతుందని వాళ్లే కనుక్కుంటారు. ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది!

కాగితం మీద ఇది మూడు వాక్యాలు. 'విద్యార్థులను జట్లుగా చేస్తాను. పరికరాలు ఇస్తాను. రీడింగులు పట్టికలో రాయిస్తాను.' క్లాసులో మాత్రం ఈ మూడు వాక్యాల నడుమే పది నిమిషాలు కరిగిపోతాయి. జట్లు అనగానే బెంచీలు జరుగుతాయి. ఆఖరి బెంచీ వాళ్లు ముందుకు రావాలా, ముందువాళ్లు వెనక్కి తిరగాలా? త్రాసు ఎవరు పట్టుకోవాలి? ఒకడు లాగుతుంటే మిగతా ఆరుగురి పని ఏమిటి? నేను మూడో జట్టుకు సామాను ఇస్తుంటే మొదటి జట్టు అప్పటికే త్రాసుకు స్కూలు బ్యాగు తగిలించి బరువు చూస్తుంటుంది. దాన్ని అల్లరి అనను నేను. కొత్త వస్తువు చేతిలో ఉంది, చేయాల్సిన పని చెప్పినవాళ్లు లేరు. ఎవరైనా అదే చేస్తారు.

మా గైడ్ టీచరు, ఆ బడి ఫిజికల్ సైన్స్ సారు, ఒక మాట చెప్పారు. "చూడమ్మా, వస్తువు చేతికిచ్చాక మాట చెవికెక్కదు. ముందు చెప్పు, తర్వాత ఇవ్వు." మెథడాలజీ పుస్తకం మొత్తంలో నాకు ఇంతగా పనికొచ్చిన వాక్యం దొరకలేదు. అప్పట్నుంచి ప్లాన్ కాగితానికి కుడివైపు ఒక మార్జిన్ వదిలి, ప్రతి కృత్యం పక్కన నాలుగు సంగతులు రాయడం మొదలుపెట్టాను. సామాను ఎవరు తెచ్చి ఇస్తారు, ఎవరి పని ఏది, నేను ఎక్కడ నిలబడతాను, ముందే అయిపోయిన జట్టు ఏం చేస్తుంది. ఘర్షణ పాఠానికి ఆ మార్జిన్‌లో ఇలా ఉంది: 'జట్టుకు ఒకరు వచ్చి తీసుకెళ్తారు. ఒకరు లాగుతారు, ఒకరు చదువుతారు, ఒకరు రాస్తారు, మిగిలినవాళ్లు లాగకముందే అంచనా రాసి ఉంచాలి. నేను కిటికీ పక్కన నిలబడాలి. అయిపోయినవాళ్లు దిమ్మ కింద ఇసుక కాగితం పెట్టి మళ్లీ చూడాలి.' పాఠం మారలేదు, పిల్లలు మారలేదు. ఆ పది నిమిషాలు మాత్రం వెనక్కి వచ్చాయి.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో జేకబ్ కౌనిన్ అనే పరిశోధకుడు తరగతి గదులను వీడియో తీసి పోల్చాడు, 1970లో ఫలితాలు అచ్చయ్యాయి. అల్లరి జరిగిన తర్వాత టీచరు ఎలా మందలించారన్న దాంట్లో, బాగా నడిచే క్లాసుకూ గందరగోళంగా ఉండే క్లాసుకూ చెప్పుకోదగ్గ తేడా ఆయనకు కనిపించలేదు. తేడా అంతా అంతకుముందే ఉంది. ఒక పని నుంచి ఇంకో పనికి క్లాసును ఎంత సాఫీగా నడిపించారు, ఊపు తగ్గకుండా చూశారా, గదిలో ఏ మూల ఏం జరుగుతోందో టీచరుకు తెలుసని పిల్లలకు తెలుసా అన్నవే లెక్కలోకి వచ్చాయి. అంటే క్రమశిక్షణ గురించి ఆలోచించాల్సిన చోటు ప్లాన్ రాసే బల్ల. అది చదివాక నా కుడి మార్జిన్ మీద నాకు నమ్మకం గట్టిపడింది.

మనకు ఇది మరీ ముఖ్యం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. స్టాఫ్‌రూముల్లో 'బెత్తం తీసేశాక పిల్లలు ఎలా వింటారు' అని ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఆ చట్టంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే బెత్తం తీసేసిన చోట ఇంకేదో పెట్టాలి కదా. అది ఆలోచించి రాసిన ప్లానే. అదే చట్టం షెడ్యూల్లో టీచరు పనిగంటలు వారానికి 45 అని ఉంది, అందులో పాఠం తయారీకి పట్టే సమయం కూడా కలిసే ఉంది. తయారీని చట్టమే పనిగా లెక్కించింది. ఇంటర్న్‌షిప్‌లో ఖాళీ పీరియడ్ కనిపించగానే ట్రైనీలను ఏదో ఒక క్లాసులో కూర్చోబెట్టడం మామూలైపోయింది, అది నాకు బాధ కలిగించే విషయం.

ఉన్ముఖీకరణ గురించి. ఐదు నిమిషాల్లో నాలుగైదు ప్రశ్నలు వేసి, చివరి ప్రశ్నకు పాఠం పేరు జవాబుగా రాబట్టి, 'ఈ రోజు మనం ఘర్షణ గురించి నేర్చుకుందాం' అనాలి. పరిశీలకులు వచ్చిన రోజు ఇది బాగుంటుంది. పిల్లలకు మాత్రం పాఠం పేరు పుస్తకంలో ముందే తెలుసు. ప్రశ్నల వరస కంటే ఒక వస్తువు ఎక్కువ పనిచేస్తుందని నా అనుభవం. నునుపైన పలక మీదా, గోనె గుడ్డ మీదా ఒకే గోళీని వదిలితే దేని మీద ఎక్కువ దూరం పోతుందో, వదలకముందే చేతులెత్తించాను. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది, ఎందుకంటే తాము చెప్పింది నిజమవుతుందో లేదో ప్రతి ఒక్కరికీ చూడాలని ఉంటుంది.

ప్రశ్నల గడిలో 'ఆశించిన జవాబు' అని రాయిస్తారు. ఇది మంచిదే, ప్రశ్న సరిగ్గా ఉందో లేదో మనకే తెలుస్తుంది. కానీ ఆశించిన జవాబు కాగితం మీద ఉన్నప్పుడు, అది వినపడగానే ముందుకు పోవాలనిపిస్తుంది. జవాబు చెప్పేది ఎప్పుడూ ముందు బెంచీల్లోని ఆ నలుగురే. మిగతావాళ్లు గుంపులో గొంతు కలుపుతారు. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను కూడా ఆగరని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయని, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడతారని మేరీ బడ్ రో అనే అమెరికా విద్యా పరిశోధకురాలు చాలా ఏళ్ల కిందటే చూపించింది. నేను ముఖ్యమైన ప్రశ్నల పక్కన చిన్న సున్నా చుట్టుకుంటాను. సున్నా ఉంటే ఆగాలి, తర్వాత పేరు పెట్టి పిలవాలి. అందుకు పేర్లు రావాలి కాబట్టి మొదటి వారంలోనే హాజరుపట్టీ చూసి ఎవరు ఎక్కడ కూర్చుంటారో పటం గీసుకోండి. 'ఒరేయ్ నువ్వు, నీలం బ్యాగు' అని పిలిపించుకున్న పిల్లవాడు రెండోసారి చెయ్యెత్తడు.

స్పష్టీకరణల దగ్గర నమూనా అనవసరంగా బరువెక్కింది. 'గుర్తుకు తెచ్చుకుంటాడు, గుర్తిస్తాడు, భేదాలు చెప్తాడు, వర్గీకరిస్తాడు' అని ప్రతి పాఠానికీ అవే క్రియలు రాసుకుంటూ పోతాం. పిల్లలు దిమ్మను లాగే ముందు అంచనా చెప్పగలగాలి అని ఒక్క వాక్యం రాస్తే చాలు, 'ప్రశ్నించడం, పరికల్పన చేయడం' అనే విద్యాప్రమాణం అందులోనే ఉంది. చార్టుల మీద పెట్టే సమయం గురించి కూడా ఇదే చెప్తాను. రికార్డుకు ఎన్ని కావాలో అన్నే గీయండి.

నమూనా అసలు అడగని ఇంకో విషయం, ఏ పీరియడ్ అన్నది. ఒకే పాఠం ఒక సెక్షన్‌కు ఉదయం రెండో పీరియడ్‌లో, ఇంకో సెక్షన్‌కు మధ్యాహ్న భోజనం కాగానే చెప్పేదాన్ని. రెండో క్లాసులో పిల్లలు కంచాలు కడుక్కుని, ఆడుకుని, చెమటతో వస్తారు. అక్కడ చర్చతో మొదలుపెడితే నిలబడదు. నోట్సులో పట్టిక గీసుకోవడంతో మొదలుపెట్టి, వాళ్లు కుదుటపడ్డాక కృత్యానికి వెళ్లేదాన్ని. పీఈటీ పీరియడ్ తర్వాత కూడా అంతే. టీచర్లు ట్రైనింగుకో డ్యూటీకో వెళ్లిన రోజున రెండు సెక్షన్లూ ఒకే గదిలోకి వస్తాయి. అలాంటి రోజుకు ప్లాన్ చివర్లో రెండు లైన్ల పొట్టి రూపం ఉంచుకుంటే టెన్షన్ ఉండదు. త్రాసు ఒక్కటే, ముందుకు పిలిచేది ఇద్దరినే, మిగిలిన గది మొత్తం అంచనా వేసి రాయాలి.

సూక్ష్మబోధన గురించి ఒక్క మాట. తోటి ట్రైనీల ముందు ఆరు నిమిషాలు చెప్పడం ప్రశ్నించడానికీ, బోర్డు మీద రాతకూ బాగా పనికొచ్చింది. జట్లు నడపడం మాత్రం అక్కడ రాదు. పాతికేళ్లవాళ్లు పదమూడేళ్లవాళ్లలా నటిస్తే ఎంతైనా నటనే.

జిరాక్స్ షాపుల్లోనూ ఫోన్లలోనూ దొరికే రెడీమేడ్ ప్లాన్ల జోలికి వెళ్లొద్దని గట్టిగా చెప్తాను. విషయం వాటిలో తప్పుండకపోవచ్చు. కానీ మీ గదిలో కిటికీ ఎటు ఉందో, త్రాసులు ఎన్ని పనిచేస్తున్నాయో, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టకూడదో వాటికి తెలియదు. మొదట్లో ఒక ప్లాన్‌కు సాయంత్రమంతా పట్టేది, ఇప్పుడు ముప్పావుగంట చాలు. ఆ వేగం సొంతంగా రాస్తేనే వస్తుంది.

ఐదుకు ఎన్ని ఇస్తావంటే, నమూనా ఉన్నది ఉన్నట్టు వాడితే మూడు, కుడి మార్జిన్ కలుపుకుంటే నాలుగున్నర. రికార్డు పుస్తకంలో మార్జిన్‌కు చోటుండదు కాబట్టి పొడుగు నోట్‌బుక్ ఒకటి విడిగా కొనుక్కోండి, రికార్డు తర్వాత దానిలోంచి దించుకోవచ్చు. చివర్లో టీచరు ప్రతిస్పందన రాసే గడిలో 'పాఠం విజయవంతంగా జరిగింది' అని రాయకండి. పాఠం ఏ నిమిషంలో ఆగింది, ఎవరికి అర్థం కాలేదు అన్న రెండు సంగతులు గంట కొట్టగానే, స్టాఫ్‌రూముకు వెళ్లకముందే రాసేయండి. మర్నాడు ప్లాన్ రాయడానికి కూర్చున్నప్పుడు ముందు ఆ రెండు లైన్లే చదవండి.