నెల్లూరులో ఒక జావా క్లాసు: రొయ్యల లాట్లతో సార్టింగ్ పాఠం

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోని ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రం వారాంతాల్లో నడిపే జావా అనే ప్రోగ్రామింగ్ భాష క్లాసుల గురించి, ముఖ్యంగా మనకు కావలసిన వరసలో ఆబ్జెక్టులను (ఒక్కో వస్తువు వివరాలను పట్టి ఉంచే ప్రోగ్రాము భాగాలను) సార్ట్ చేయడమెలాగో అక్కడ నేర్పే తీరు గురించి ఈ సమీక్ష. ఎత్తిచూపవలసిన లోపాలు కూడా ఉన్నందున కేంద్రం పేరు రాయడం లేదు.

ఈ పాఠానికి చాలాచోట్ల స్టూడెంట్ అనే క్లాసు (ఆబ్జెక్టులకు మూసలాంటి కోడు) రాయించి, రోల్ నంబరు ప్రకారం సార్ట్ చేయించి ముగించేస్తారు. ఇక్కడి సార్ మాత్రం రొయ్యల లాట్లను (రైతు ఒక విడతగా తూకానికి తెచ్చే సరుకును) ఎంచుకున్నారు. ఇందుకూరుపేట, మైపాడు వైపు నుంచి వచ్చే పిల్లలకు కౌంట్ అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. కిలోకు 30 రొయ్యలు తూగితే 30 కౌంట్, 100 తూగితే 100 కౌంట్. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. లాటు ఆబ్జెక్టులో రైతు పేరు, ఊరు, కౌంట్, తూకం ఉన్నప్పుడు దేన్ని బట్టి వరస పెట్టాలో జావాకు తనంతట తాను తెలియదని, ఆ నిర్ణయం మనమే రాసి ఇవ్వాలని ఈ ఒక్క ఉదాహరణతోనే తేటతెల్లమైంది.

కౌంట్ ప్రకారం ఉండే వరసను లాటు క్లాసులోనే కంపేరబుల్ (తనలాంటి మరో ఆబ్జెక్టుతో పోల్చుకునే ఏర్పాటు) ద్వారా రాయించారు. అందులో పోల్చే పని చేసే కంపేర్‌టు మెథడ్ రుణసంఖ్య ఇస్తే ఈ లాటు ముందు, ధనసంఖ్య ఇస్తే తరువాత, సున్నా ఇస్తే రెండూ సమానం. ఒక క్లాసుకు ఇటువంటి సహజమైన వరస ఒక్కటే ఉంటుంది కనుక, తూకం ప్రకారం ఒకసారి, ఊరి ప్రకారం ఒకసారి కావాలంటే బయట విడివిడిగా కంపేరేటర్లు (పోల్చే నియమాన్ని చెప్పే ఆబ్జెక్టులు) రాసుకోవాలి. ఈ రెండూ జావా 1.2 నాటి నుంచీ ఉన్నవే. 2014లో వచ్చిన జావా 8లోని కంపేరింగ్ (మొదటి పోలిక), దెన్‌కంపేరింగ్ (అది సమానమైతే తరువాతి పోలిక) మెథడ్లతో అదే పని ఒక్క వాక్యంలో ఎలా అవుతుందో ఆ వెంటనే చూపించారు.

నాకు అన్నిటికన్నా నచ్చినది వరసను తలకిందులు చేసే రివర్స్డ్ మెథడ్ గురించిన వివరణ. కౌంట్ చిన్నది ముందు, ఒకే కౌంట్ ఉన్నవాటిలో తూకం ఎక్కువున్నది ముందు రావాలని కోరుకుని, ఈ పోలికల గొలుసు చివర రివర్స్డ్ తగిలిస్తే తూకం ఒక్కటే కాదు, కౌంట్ కూడా తలకిందులై 100 కౌంట్ లాట్లు పైకి వచ్చి కూర్చుంటాయి. తూకం కంపేరేటర్‌ను మాత్రమే విడిగా తిప్పి, దానిని దెన్‌కంపేరింగ్‌కు అందించాలి. తెర మీద రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూపించడంతో క్లాసులో ఎవరికీ సందేహం మిగలలేదు. సమానమైన లాట్ల మధ్య అవి వచ్చిన వరసను లిస్ట్ సార్ట్ చెదరగొట్టదని, అందువల్ల ముందు తూకం వేయించుకున్న రైతు ముందే ఉంటాడని చెప్పిన మాట కూడా విలువైనది.

ఇక లోపాలు. కౌంట్లను పోల్చడానికి ఒకదాని నుంచి ఇంకొకటి తీసివేసి ఆ ఫలితాన్నే ఇచ్చే అడ్డదారిని నోట్సులో అచ్చువేశారు. చిన్న ధనసంఖ్యలతో అది చెడిపోదు. కానీ 200 కోట్ల నుంచి రుణ 200 కోట్లను తీసివేస్తే ఫలితం ఇంట్ అనే పూర్ణసంఖ్య రకంలో పట్టక రుణసంఖ్యగా మారి, పెద్దది చిన్నదైపోతుంది. తూకాల విషయంలో ప్రమాదం మరీ దగ్గరలోనే ఉంది. 12.4 కిలోలకూ 12.0 కిలోలకూ ఉన్న తేడాను ఇంట్‌గా మార్చితే సున్నా వస్తుంది. ఆ కంపేరేటర్‌తో ట్రీసెట్ (నకళ్లు లేకుండా వరసలో ఉంచే సమూహం) కట్టితే రెండో లాటును నకలుగా భావించి లోపలికి రానివ్వదు, ఎర్రర్ కూడా చూపదు. "సార్, ఒక లాటు కనబడటం లేదు" అని ఒక అమ్మాయి అడిగినప్పుడు వచ్చేవారం చూద్దామన్నారు గాని, ఆ వచ్చేవారం వేరే పాఠం మొదలైంది. ఇంటీజర్, డబుల్ క్లాసుల్లోని కంపేర్ మెథడ్లను వాడమని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

ఊర్ల పేర్లను తెలుగులో పెట్టి సార్ట్ చేసే భాగం కూడా అసంపూర్తిగానే ఉంది. మామూలు స్ట్రింగ్ (అక్షరాల వరుస) పోలిక యూనికోడ్‌లో ఒక్కో అక్షరానికి ఇచ్చిన సంఖ్యలను చూస్తుంది. అందులో సున్నా గుర్తు (ం) అచ్చుల కన్నా ముందే ఉండటంతో కందుకూరు, కనిగిరి, కావలి అనే వరస వస్తుంది. గుణింతంలో కం ఎక్కడో చివరకు వస్తుందని చదువుకున్న పిల్లలకు ఈ తేడా ఎందుకో చెప్పి, భాషను బట్టి పోల్చడానికి కొలేటర్ అనే క్లాసు వేరే ఉందని కనీసం పరిచయం చేయవలసింది.

ఫీజు భారమేమీ కాదు, సిస్టములు బాగున్నాయి. ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యేవారు నిస్సంకోచంగా చేరవచ్చు. నోట్సులోని తీసివేత పద్ధతిని మాత్రం కొట్టివేసి, దాని పక్కన కంపేర్ మెథడ్ రాసుకోవాలి.