అనంతపురంలో వెంచర్ భాగస్వామ్యం పేపర్లు: డీడ్ బాగుంది, ఫైల్లో లెక్కలే బలహీనం

అనంతపురంలోని ఈ ఆడిటర్ ఆఫీసు లేఅవుట్ వెంచర్లకు, అంటే భూమిని ప్లాట్లు వేసి అమ్మే వ్యాపారాలకు, రెండు పనులు చేసిపెడుతుంది: పెట్టుబడిదారులకు చూపించే ఫైలు, పార్ట్‌నర్‌షిప్ డీడ్ (భాగస్తుల ఒప్పంద పత్రం). డీడ్‌కైతే ధైర్యంగా పోవచ్చు. ఫైలు తీసుకుంటే మాత్రం లెక్కలు మళ్ళీ వేసుకోవాల్సిందే.

డీడ్‌లో మెచ్చుకోవాల్సింది డబ్బు వెనక్కొచ్చే వరుస. ముందు బయటి బాకీలు, తర్వాత భాగస్తులు అదనంగా ఇచ్చిన అప్పు, ఆపైన మూలధనం, మిగిలితేనే లాభం. 1932 భాగస్వామ్య చట్టం చెప్పే వరుస కూడా ఇదే, కానీ అది సంస్థను మూసేసేటప్పటి మాట. ప్లాట్లు అమ్ముడవుతుండగా ఎవరెంత తీసుకోవాలో రాసుకోకపోతే మొదటి అడ్వాన్సుల దగ్గరే తగాదా. వీళ్ళు రాస్తారు. లాభాల వాటా రాయకపోతే 80 లక్షలు పెట్టినవారికీ 20 లక్షలు పెట్టినవారికీ చట్టం సమానంగా పంచుతుంది. సంస్థ కొనసాగాలని ముందే ఒప్పుకోకపోతే ఒక భాగస్తుడు చనిపోగానే సంస్థ రద్దవుతుంది. ఈ రెండూ డీడ్‌లో వివరంగా ఉంటాయి. సంస్థను రిజిస్టర్ చేయించాలని పట్టుబడతారు, అది చాలా మంచిది. చేయించకపోతే డీడ్ ప్రకారం నా హక్కు నాకివ్వమని సాటి భాగస్తుడి మీద దావా వేయడానికి లేదు.

డబ్బు మాత్రమే పెట్టి ఊరుకునే భాగస్తుడికి కూడా సంస్థ అప్పుల్లో పూర్తి బాధ్యత ఉంటుంది, ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థ) అయితే పెట్టిన మేరకే. అడిగితే తప్ప ఈ మాట చెప్పరు. ముందే చెప్పాలి.

ఇక ఫైలు. అడంగల్, 1బి (రెవెన్యూ భూమి రికార్డులు), ఈసీ (భూమి మీద తనఖాలు, లావాదేవీలు చూపే పత్రం), 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములు), డీకేటీ పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి) కాదనీ చుక్కల భూమి (రికార్డులో యజమాని పేరు బదులు చుక్కలున్నది) కాదనీ రుజువులు, అన్నీ శ్రద్ధగా పెడతారు. తప్పంతా రాబడి పేజీలో ఉంది. 5 ఎకరాల్లో 300 సెంట్లు ప్లాట్లకు వస్తాయని వేశారు, అంటే 60 శాతం. రోడ్లు, ఖాళీ స్థలం పోగా 55 శాతమే మిగిలితే 275 సెంట్లే. ఆ 25 సెంట్లు 1,210 గజాలు, లాభం అక్కడే కరిగిపోవచ్చు. ఆలస్యం లెక్క అసలే లేదు: 30 శాతం లాభం 18 నెలల్లో వస్తే ఏడాదికి 20, అనుమతులు సాగి 30 నెలలైతే 12. లేఅవుట్ పనులకు హామీగా అనుమతిచ్చే అధికారులకు తనఖా పెట్టిన ప్లాట్లు పనులు పూర్తై విడుదలయ్యేదాకా అమ్మకానికి రావు, వాటినీ మొదటి ఏడాది రాబడిలోనే కలిపేశారు.

"నెలనెలా గ్యారంటీ రాబడి" అన్న వాక్యం కొట్టేయించండి. పదిమందికీ అలా చెప్పి డబ్బు తీసుకుంటే 2019 డిపాజిట్ల నిషేధ చట్టం కిందికి రావచ్చు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు రాకముందు ప్రకటన, బుకింగ్ రెండూ కుదరవు, ఫైల్లో బుకింగ్ తేదీ అంతకన్నా ముందు పడిందేమో చూడండి.

డీడ్ ఒక్కటే కావాలన్నా చేసిస్తారు.