టెరిటోరియల్ ఆర్మీనా, అగ్నివీరా? కొలువున్నోడికి ఏది మేలు?

మా మేనల్లుడు పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాడు. ఇరవై ఏళ్ళు. మొన్న నైట్ షిఫ్ట్ చేసి, జడ్చర్లలో కంపెనీ బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చాడు. "మామా, అగ్నివీర్‌కు పోవాల్నా, టెరిటోరియల్ ఆర్మీకి పోవాల్నా? పోయొస్తే కంపెనోళ్ళు మళ్ళ తీసుకుంటరా?" అన్నాడు, చెప్పులు కూడా విడవకుండానే.

అగ్నివీర్ లెక్క సూటిగా ఉంటుంది. సైన్యంలో నాలుగేళ్ళ సర్వీసు. మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయలు, అందులో కొంత సేవానిధి అనే పొదుపు నిధికి కోత. చివర్లో సుమారు 11.71 లక్షలు చేతికొస్తాయి. పర్మనెంట్‌గా ఉంచుకునేది మాత్రం 25 శాతం వరకే. ఇది పూర్తిస్థాయి కొలువు కాబట్టి పాత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చే పోవాలి. తిరిగొచ్చాక తీసుకోవాల్సిన బాధ్యత పాత యజమానికి ఉండదు.

టెరిటోరియల్ ఆర్మీ అట్లా కాదు. మన పని మనం చేసుకుంటూ ఏటా కొన్నాళ్ళు శిక్షణకు, పిలుపు వచ్చినప్పుడు డ్యూటీకి పోవాలి. డ్యూటీలో ఉన్నన్నాళ్ళే సైన్యం జీతం. పిలుపు ఉత్తమాట అనుకోవద్దు. 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, వీళ్ళను పిలిపించుకునే అధికారం కేంద్రం ఆర్మీ చీఫ్‌కు ఇచ్చింది.

అట్లా పోయినవాళ్ళ కొలువు కాపాడటానికే 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టంలో 7ఏ సెక్షన్ ఉంది. పోకుండా ఉంటే ఏ స్థితిలో ఉండేవాడో, అంతకు తక్కువ కాకుండా యజమాని తిరిగి పనిలో పెట్టుకోవాలి. సర్వీసు ముగిసిన రెండు నెలల్లోపు మనమే అడగాలి. ఆ గడువు దాటితే యజమానికి తప్పించుకునే దారి దొరికినట్టే. పిలుపు ఆర్డరు వచ్చాక పనిలోంచి తీసేస్తే, బాధ్యత ఎగ్గొట్టడానికే తీసేశారని చట్టం అనుకుంటుంది. కాదని యజమానే నిరూపించుకోవాలి.

ఇంతవరకు బాగానే ఉంది. మరి తీసుకోకపోతే? ఇలాంటి తగాదాలు తేల్చడానికి నియమించిన అధికారి దగ్గరికి పోవచ్చు. ఆయన తీసుకొమ్మని చెప్పొచ్చు, లేదా ఆరు నెలల జీతానికి మించకుండా పరిహారం ఇప్పించొచ్చు, అసలు యజమానికి మినహాయింపే ఇచ్చేయొచ్చు. ఆర్డరు ధిక్కరిస్తే జరిమానా వెయ్యి రూపాయల వరకు. జడ్చర్లలో నలుగురం బిర్యానీ తింటే బిల్లు అంతకంటే ఎక్కువే అవుతుంది! అమెరికాలో 1994 నాటి చట్టం ఇంతకంటే గట్టిది. ఒకే యజమాని దగ్గర మొత్తం ఐదేళ్ళ దాకా సైన్యం పనిమీద పోయొచ్చినా, ఆ మధ్యలో రావాల్సిన సీనియారిటీ కూడా కలిపి తిరిగి తీసుకోవాలి.

అందుకే సర్కారు టీచరో, రైల్వే ఉద్యోగో అడిగితే టెరిటోరియల్ ఆర్మీయే మేలంటాను. అక్కడ కొలువు ఎటూ పోదు. పెద్ద కంపెనీలో పర్మనెంట్ అయినవాడికీ అదే చెప్తాను, కాగితాలన్నీ దాచుకోమంటాను.

మావాడికీ అదే చెప్పబోయి, ఎందుకైనా మంచిదని జీతం స్లిప్పు చూపించమన్నాను. ఫోన్ తీసి చూపించాడు. పైన కంపెనీ పేరు లేదు, లేబర్ కాంట్రాక్టర్ పేరుంది. అంటే చట్టం లెక్కలో వీడి యజమాని ఆ కాంట్రాక్టరే అవుతాడు. ఏడాదికో కాంట్రాక్టర్ మారే చోట తిరిగొచ్చి ఎవరిని అడుగుతాడు? కాపాడుకోవడానికి కొలువంటూ ఉండాలి కదా. పైగా టెరిటోరియల్ ఆర్మీకి 42 ఏళ్ళ దాకా అవకాశముంది, అగ్నివీర్‌కు వయసు తొందరగా దాటిపోతుంది. ముందు అగ్నివీర్‌కే రాయమన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, "అయితే రాజీనామా ఎవరికియ్యాలె మామా, కంపెనీకా, కాంట్రాక్టర్‌కా?" అన్నాడు.