పూతరేకుల తెరచాప

మాది ఆత్రేయపురంలో పూతరేకుల దుకాణం. అసలు మిఠాయిలు అద్దాల పెట్టెలో ఉంచితే గాలిలోని తేమకు రేకు మెత్తబడిపోతుంది, చీమలు పడతాయి. అందుకే ఈ వేసవికి ముందు అమలాపురంలోని ఒక చిన్న శిల్పశాలలో బొమ్మ మిఠాయిలతో పడవ చేయించాను. పొడవు రెండున్నర అడుగులు, ఖరీదు 18,000 రూపాయలు, పట్టిన కాలం ఆరు వారాలు.

పడవ ఒళ్ళంతా తాపేశ్వరం మడత కాజాలు. లోపల సరుకుగా కాకినాడ గొట్టం కాజాలు, పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీల్లాంటి పొట్టిక్కలు. తెరచాప మాత్రం పూతరేకు.

మొదట తెచ్చిన తెరచాపను నేను తిప్పి పంపాను. తెల్లగా, మందంగా, వానకు కప్పే పట్టాలా ఉంది. రేకు అంటే అది కాదు. మాట చెబితే అర్థం కాదని శిల్పిని మా ఇంటికే రమ్మన్నాను. మా అత్తగారు పొయ్యి మీద కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకులు మండిస్తూ, పల్చటి బియ్యప్పిండి జారులో తడిపిన గుడ్డను కుండ వీపు మీద ఒక్కసారి లాగితే చాలు, రేకు లేచి వస్తుంది. ఆయన పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పీట వేసుకుని చూస్తూనే ఉన్నారు. చివరికి “అమ్మా, పాత కుండ ఒకటి ఉంటే ఇస్తారా?” అని అడిగారు. ఇచ్చాం. ఆ కుండ వీపు మీదే సిలికాన్‌ను పొరగా పూసి, ఆరాక ఒలిచి తెచ్చారు.

ఇప్పుడు ఉదయపు ఎండ పడితే తెరచాప వెనక మా వీధి మసకగా కనిపిస్తుంది. గుడ్డ అంచు వదిలే సన్నని గీత కూడా దిగింది. మా అత్తగారు దగ్గరకు వెళ్ళి చూసి “ఈ మూల కాస్త ఎక్కువ కాలింది” అన్నారు. నలభై ఏళ్ళుగా రేకులు తీస్తున్న మనిషి దాన్ని రేకుగానే చూసి తప్పు పట్టారు. నేను పెట్టిన డబ్బుకు ఆ మాటతోనే విలువ దక్కింది.

ఈ బొమ్మ వంటకాల విద్యను వ్యాపారంగా పెంచింది జపాన్‌వారు. ఇవాసాకి తకిజో 1932లో ఒసాకాలో మైనంతో హోటళ్ళకు వంటకాల నమూనాలు చేసే సంస్థ పెట్టారు. మైనం ఎండకు మెత్తబడుతుంది, రంగు వెలుస్తుంది. అందుకని తర్వాత వాళ్ళే వినైల్ రెజిన్ అనే ప్లాస్టిక్‌కు మారారు. మన రోహిణీకార్తె సంగతి తెలుసు కాబట్టి నేను మైనం వద్దని మొదటే చెప్పాను. ఎండలన్నీ గడిచాయి, కాజా మడత ఒక్కటీ వంగలేదు.

లోపాలూ ఉన్నాయి. పొట్టిక్కలు నాలుగింటికీ ఒకే అచ్చు వాడారు. నాలుగు బుట్టల్లోనూ ఆకు ఒకే చోట చిరిగి ఉంటుంది. ఒకసారి కంటపడ్డాక ఇక అదే కనిపిస్తుంది. గొట్టం కాజా పైన పొడిగా ఉండాలి, పాకం లోపల ఉండాలి. వీటికేమో పైనంతా వార్నిష్ మెరుపు. సిలికాన్‌కు దుమ్ము త్వరగా పడుతుంది, వారానికోసారి మెత్తని కుంచెతో దులపాలి. పెట్టెకు తాళం తప్పనిసరి. ఒక చిన్నబాబు కాజా తీసి నోట్లో పెట్టుకోబోతే వాళ్ళమ్మ ఆఖరి క్షణంలో లాక్కుంది.

దసరా బొమ్మల కొలువుకు చిన్నది ఇంకొకటి చెప్పాను. పొట్టిక్కలకు దేనికి దానికి విడిగా అచ్చు తీయాలని, అవసరమైతే అంబాజీపేట వెళ్ళి నాలుగు బుట్టలు కొనుక్కుని రమ్మని, ఆ ఖర్చు నేనే ఇస్తానని ముందే మాట్లాడుకున్నాం.