అక్వేరియంలో ప్లనేరియా కనిపిస్తే ఉచ్చా, మందా?

ప్లనేరియా అంటే తొట్టిలో చేరే చదునైన చిన్న పురుగు. ముందు అది ప్లనేరియాయేనా అని చూడండి. రాత్రి టార్చి వేసినప్పుడు ముక్కోణపు తల, దాని మీద రెండు కంటిచుక్కలతో గాజు మీద జారుతూ పోతుంటే అదే. దారప్పోగులా నీళ్లలో మెలికలు తిరిగేది అయితే వదిలేయండి, చేపల మేత తగ్గిస్తే అదే తగ్గుతుంది.

ఖర్చు: రెండూ పెద్ద భారం కాదు.

శ్రమ: ఉచ్చులో రాత్రి ఎర పెట్టి పొద్దున్నే తీయాలి, అదీ రోజుల తరబడి. ఓపిక నశించి పురుగును కోశారో, ముక్కలు మళ్లీ పురుగులవుతాయి! మందుకు, అంటే ఫెన్‌బెండజోల్‌కు, కొలతే తంటా.

ముప్పు: ఉచ్చులో రొయ్యపిల్లలు చిక్కొచ్చు. మందును రొయ్యలు సాధారణంగా తట్టుకుంటాయి కానీ నెరైట్ నత్తలకు అది ప్రాణాంతకం.

నాలుగైదు పురుగులే ఉంటే, లేదా నత్తలు ముఖ్యమైతే ఉచ్చు. రొయ్యల తొట్టిలో గాజంతా పాకుతుంటే మందే. నత్తల్ని ముందే వేరే తొట్టికి మార్చండి, తిరిగి తేవడానికి తొందరపడకండి.