నాలుగేళ్లు, ఒక గ్రాడ్ ఫిల్టర్, అరిజోనా సందెలు

నాలుగేళ్లుగా నా కెమెరా బ్యాగులో ఉన్న మూడు స్టాపుల సాఫ్ట్ గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డీ ఫిల్టర్ గురించి ఇది. ఎన్‌డీ అంటే రంగు మార్చకుండా వెలుగుని మాత్రమే తగ్గించేది. వాడేవాళ్లం గ్రాడ్ అనే అంటాం. పలకలాంటి రెజిన్ (ఒక రకం ప్లాస్టిక్) ముక్క. పైసగం నల్లగా ఉండి, నడిమికి వచ్చేసరికి పలచబడి, కింద తేటగా అయిపోతుంది. లెన్సు ముందు హోల్డర్‌లో దించి, నలుపు ఆకాశం మీదికి వచ్చేలా జరుపుకోవాలి. ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది కాబట్టి, మూడు స్టాపులకి అటువైపు వెలుగు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది, నేల మామూలుగానే ఉంటుంది.

మేముండేది అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. ఐ-10 ఫ్రీవే మీద తరచూ టూసాన్ వెళ్లొస్తుంటాం. మా ఆయన డ్రైవింగ్, నేను పక్క సీటు. తిరిగొచ్చేటప్పుడు సరిగ్గా పొద్దుగూకే వేళకి ఎడమవైపు పికాచో కొండ వస్తుంది. ఈ ఫిల్టర్ ఎక్కువగా పనిచేసింది అక్కడే.

ఆకాశానికి ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెలుగు ఎంత రానివ్వాలన్న లెక్క) పెడితే నేలంతా బొగ్గు, నేలకి పెడితే ఆకాశం తెల్లకాగితం. ఆ బాధ పడలేకే కొన్నాను. మూడు నాలుగు షాట్లు తీసి ఇంట్లో కలుపుకోవచ్చు గానీ, గాలికి పొదలు ఊగుతుంటే అవి సరిగ్గా అతకవు. గ్రాడ్ ఉంటే ఒక్క షాట్‌తో పని అయిపోతుంది. ఫ్రీవే షోల్డర్ (రోడ్డు అంచు) మీద మాత్రం ఫొటో కోసం ఎప్పుడూ ఆగం. ఎగ్జిట్ తీసుకుని, పక్కనుండే ఫ్రంటేజ్ రోడ్డు మీద చోటు చూసుకుని ఆపుతాం.

కొన్న ఏడాది ఆగస్టులో ఒక సాయంత్రం. మధ్యాహ్నం గట్టి వాన పడి వెలిసింది. కొండ వెనక సూర్యుడు దిగిపోయాక ఒక పది నిమిషాలు ఏమీ లేదు, బూడిద రంగు. మా ఆయన బండి స్టార్ట్ చేశారు కూడా. అంతలో పైనున్న పల్చటి మబ్బులకి కింద నుంచి నిప్పంటుకుంది. ఊళ్లో మాఘ మాసంలో మోదుగు చెట్టు నిండా పూస్తుందే, అచ్చం ఆ రంగు. ఇరవై షాట్లు తీశాను. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో కెమెరా చూపే గ్రాఫు) చక్కగా ఉంది, తెర మీద ఫొటోలూ బాగున్నాయి. ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూస్తే గుండె జారింది. ఎర్రటి చోటంతా ఒకటే ముద్ద. మబ్బు చారలు, మడతలు ఏవీ లేవు. మామూలు హిస్టోగ్రామ్ మూడు రంగుల్ని కలిపి చూపిస్తుంది. అందులో ఎరుపు ఒక్కటే నిండిపోయిన సంగతి తెలియదు. ఫిల్టర్ తప్పు కాదది. అది వెలుగుని తగ్గిస్తుందే గానీ ఎరుపుని విడిగా పట్టుకోలేదు. అప్పటినుంచి రంగులు విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు గ్రాఫు కుడి అంచుకి తగలకుండా ఎక్స్‌పోజర్ ఇంకొంచెం తగ్గిస్తున్నాను. వైట్ బ్యాలెన్స్ (వెలుగుని బట్టి రంగుల్ని సరిచేసే సెట్టింగ్) డేలైట్‌లోనే ఉంచుతాను. ఆటోలో పెడితే ఆ ఎరుపుని సరిచేయబోయి చప్పగా చేసేస్తుంది.

దుమ్ముంటేనే రంగులు వస్తాయని చాలామంది అంటారు. నా అనుభవంలో నేలకి దగ్గరగా దుమ్ము లేస్తే ఆకాశం మట్టిరంగుకి తిరిగి, రంగులు మందగిస్తాయి. వాన కడిగిన గాలి, పైన పల్చటి మబ్బు, పడమట దిగంతం దగ్గర ఖాళీ, ఈ మూడూ కుదరాలి. ఇక్కడ మాన్సూన్ అంటే జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 వరకు. నా మంచి ఫొటోలు చాలావరకు ఆ నెలల్లోవే. అదే నెలల్లో ఐ-10 మీద హబూబ్ కూడా వస్తుంది, గోడలా లేచే దుమ్ము తుఫాను. అప్పుడు కెమెరా మర్చిపోండి. రోడ్డు దిగి వీలైనంత దూరంగా ఆపి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీంచి కాలు తీసి కూర్చోవాలి. లైట్లు వెలుగుతుంటే వెనకొచ్చే వాళ్లు అదే రోడ్డనుకుని మన మీదికొస్తారు.

ఇక ఇబ్బందులు. టూసాన్ పడమటి కొండల్లో గేట్స్ పాస్ దగ్గర ఈ ఫిల్టర్ నాకు పెద్దగా పనికిరాలేదు. దిగంతం దాటి పైకి లేచిన సాగ్వారో కాక్టస్‌ల (నిలువుగా ఎత్తుగా పెరిగే ముళ్ల మొక్కలు) తలలన్నీ ఫిల్టర్ నలుపులో పడి మాడినట్టు వస్తాయి. చదునైన ఎడారికైతే గ్రాడ్, సాగ్వారోలు నిలబడ్డ చోట విడివిడి షాట్లు. రెండోది గీతలు. రెజిన్ మీద ఇసుక పడ్డాక గుడ్డతో తుడిస్తే అంతే సంగతులు. ముందు బ్లోయర్‌తో ఊదాలి. ఆ తొందరలో రెండుసార్లు నేను తుడిచేశాను. ఆ గీతల మీద సూర్యుడు పడితే ఫొటోలో వెలుగు మరకలు వస్తాయి.

కదిలే కారులోంచి తీసేవాళ్లకి దీంతో పనిలేదు. పోలరైజర్ (మెరుపుల్ని తగ్గించే మరో ఫిల్టర్) కూడా పెట్టకండి. పక్క అద్దంలో మచ్చలు మచ్చలుగా రంగులు కనిపిస్తాయి.

మళ్లీ కొంటానా? కొంటాను, ఈసారి గాజుది. మబ్బు ఎరుపు తగ్గగానే మాత్రం దాన్ని తీసేసి తూర్పుకి తిరుగుతాను. అక్కడ నేలనానుకుని నీలిబూడిద రంగులో భూమి నీడ, దాని పైన గులాబీ పట్టీ లేస్తుంటాయి. ఆ వెలుగు మెత్తగా ఉంటుంది, ఫిల్టర్ అక్కర్లేదు. ఉండేది కొద్ది నిమిషాలే కాబట్టి హోల్డర్ కూడా ఊడదీసి సిద్ధంగా ఉండండి.