అంగిట్లో స్క్రూ, ఏడాదిన్నర తర్వాత

మా అమ్మాయి నోరు మూసుకుని నిద్రపోవడం తొమ్మిదేళ్ళు నిండాక మొదటిసారి చూశాను. ఆ ఒక్క కారణానికే, అంగిట్లో బిగించి పై దవడని మెల్లగా వెడల్పు చేసే ఈ ఎక్స్‌పాండర్‌ అంటే నాకు ప్రేమ. అందుకని నా మాటల్లో కాస్త పక్షపాతం ఉంటుంది, చూసుకోండి.

మాది రాయగడ. పళ్ళ డాక్టరేమో విశాఖలో. పై దవడ ఇరుకై, దాని పక్క పళ్ళు కింది పళ్ళకి లోపలగా దిగేవి. అంగిట్లో స్క్రూ బిగించి, చిన్న కీ ఇచ్చి పంపారు. రోజూ రాత్రి ఒక తిప్పు, పావు మిల్లీమీటరు.

తొమ్మిదో రాత్రి కీ సగం తిప్పి బయటికి తీసేశాను. మర్నాడు చూస్తే కీ దూర్చాల్సిన కన్నం లేదు! మా ఆయన ఫోన్ టార్చి పట్టుకున్నారు. పిల్ల మంచం అంచున తల వెనక్కి వాల్చి పడుకుంది, చెంపల మీదుగా చొంగ కారుతోంది. స్క్రూ సందులో మధ్యాహ్నం తిన్న అన్నం మెతుకు ఒకటి మెరుస్తోంది. పక్కనుంచి మా అత్తగారు, "వదిలీండర్రా పిల్లని!" డాక్టర్‌కి వీడియో కాల్ చేస్తే విషయం తెలిసింది. కీని గొంతు వైపు చివరిదాకా తోయకపోతే తర్వాతి కన్నం ముందుకి రాదు. సగంలో ఆపి లాగితే తిరిగింది కూడా వెనక్కొచ్చేస్తుంది. సగంలో ఆగిన పాత కన్నంలోకే మళ్ళీ కీ దూర్చి తోశాను. ముప్పావుగంట పట్టింది. ఈ సంగతి మొదటి రోజే చెప్పి ఉంటే ఏం పోయేది?

తిప్పడం మూడు వారాలే. అంగిటి మధ్య అతుకు విడిన చోట కొత్త ఎముక నిండాలని స్క్రూ మాత్రం ఆరు నెలలు ఉంచారు. మధ్యలో ముందు పళ్ళకి సందు పడితే, డబ్బులిచ్చి మరీ పళ్ళు ఎడం చేయించారా అన్నారు చుట్టాలు. అది దానంతటదే మూసుకుంది.

నోటికి పైకప్పు అయిన అంగిలే ముక్కుకి నేల. అది వెడల్పయితే ముక్కులో గాలికి దారి పెరుగుతుంది. గురక తగ్గింది, పొద్దున్నే నోరెండిపోవడం పోయింది. అక్కడితో ఆగక "సైనస్ కూడా పోయింది" అని ఊరంతా చెప్పాను. ఆ మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. స్క్రూ వేసింది ఎండాకాలం ముందు, అప్పుడే ఈఎన్‌టీ డాక్టర్ ముక్కులోకి స్ప్రే కూడా రాశారు. డిసెంబరు మంచు మొదలవగానే బుగ్గల్లో నొప్పి మళ్ళీ వచ్చింది, మునుపటంత కాకపోయినా.

దానికి ఈఎన్‌టీ డాక్టర్ చెప్పింది నాకు నచ్చింది. బుగ్గ వెనక సైనస్ ఒక గది అనుకుంటే, దాని తలుపు నేల దగ్గర కాదు, పైన ఉంటుంది. దవడ విడిపోయేది కింద ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. గది కాస్త పెద్దదైనా తలుపు పెద్దదవ్వాలనేం లేదు. పైగా ఈ వయసులో సైనస్‌లు వాటంతటవే పెరుగుతుంటాయి. ఎంత స్క్రూ వల్ల, ఎంత వయసు వల్ల అని ఎలా తేలుస్తాం?

మా చెల్లెలి కొడుక్కి పదిహేడేళ్ళు, వాడికీ వేయించమంటావా అని అడిగింది. ఆ వయసుకి అంగిటి మధ్య అతుకు చాలావరకు గట్టిపడిపోతుంది, డాక్టర్నే అడగమన్నాను. నాకైతే తొమ్మిదేళ్ళ పిల్ల, ఇరుకు దవడ, ఇంట్లో టార్చి పట్టే మనిషి ఉన్నారు కాబట్టి మళ్ళీ చేయిస్తాను. ఒక్క సైనస్ కోసమే అయితే విశాఖ రైలెక్కను.